బరువు 78, షుగర్ బోర్డర్: మన ఇంటి వంటతోనే తగ్గించుకున్నవాళ్లు ఉన్నారా?

అయ్యకోనేరు గట్టు (విజయనగరం) · జూన్ 9, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నా వయసు 42. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. పోయిన వారం పరీక్షలు చేయించుకుంటే మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చింది. పరగడుపున 112. "ఇంకా షుగర్ రాలేదు గానీ గుమ్మంలో ఉంది. బరువు తగ్గండి, నడవండి, మూడు నెలలకు మళ్లీ రండి" అన్నారు డాక్టరుగారు. బయట ఇంకా ముప్పై మంది కూర్చుని ఉన్నారు. ఎలా తగ్గాలో అడగకుండానే లేచి వచ్చేశాను.

మా నాన్నగారికి 45 ఏళ్లకే షుగర్ వచ్చింది. చివరికి కాలి వేలు తీసేశారు. రోజూ సాయంత్రం ఆ కట్టు నేనే మార్చేదాన్ని. నొప్పి తెలిసేది కాదు ఆయనకి, నా మొహం చూసి పుండు ఎలా ఉందో తెలుసుకునేవారు. రిపోర్టు చేతికి రాగానే నాకు ముందు అదే గుర్తొచ్చింది.

తగ్గాలని ప్రయత్నించకపోలేదు. రెండేళ్ల కిందట ఒకచోట పౌడర్ డబ్బాలు కొనిపించారు. పొద్దున, రాత్రి ఆ పౌడరే తాగాలి. ఆరు కిలోలు తగ్గాను. మానేసిన నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు పెరిగాను. తర్వాత వీడియోలు చూసి రాత్రి అన్నం మానేసి ఉత్త పండ్లతో ఉన్నాను. పదకొండో రోజు ఆఫీసులో కళ్లు తిరిగాయి.

ఇంట్లో ఐదుగురం: నేను, మావారు, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు. నాకు వేరే వంట చేసుకునే తీరిక లేదు. అందరూ తినే వంటతోనే బరువు, షుగర్ తగ్గించుకున్నవాళ్లు ఉంటే ఎలా చేశారో చెప్పండి. ఓట్స్, అవకాడో వద్దు. మా ఇంట్లో అవి నిలవవు.

---

కొలతగ్లాసు (శ్రీకాకుళం) · జూన్ 9, రాత్రి 10:52

నేను ఆసుపత్రిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మీ డాక్టరుగారి మాటకు ఇది అనుబంధమే, బదులు కాదు.

ఏం తినాలో తర్వాత చూద్దాం. ముందు మూడు లెక్కలు చెప్పండి. మీ ఇంట్లో నెలకు బియ్యం ఎన్ని కిలోలు, నూనె ఎన్ని లీటర్లు, పంచదార ఎన్ని కిలోలు? "మేం తక్కువే తింటాం" అని నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరూ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు, నిజంగానే అలా అనుకుంటారు. కిరాణా చీటీ చూస్తే అసలు లెక్క తేలుతుంది.

---

అయ్యకోనేరు గట్టు · జూన్ 10, ఉదయం 6:05

చీటీ తీసి చూశాను. 25 కిలోల బస్తాలు రెండు (ఇడ్లీ, దోసె బియ్యం కలిపి). నూనె ఆరు లీటర్లు. పంచదార ఐదు కిలోలు, బెల్లం కిలో. రాసుకుంటుంటే ఎక్కువే అనిపించింది. కానీ అందరి ఇళ్లలో ఇంతే కదా?

---

కొలతగ్లాసు · జూన్ 10, మధ్యాహ్నం 1:30

అవునండీ, అందరి ఇళ్లలో దాదాపు ఇంతే. అందుకే అందరి ఇళ్లలో ఈ రిపోర్టులు.

యాభై కిలోల బియ్యం ఐదుగురికి పంచితే మనిషికి రోజుకు సుమారు 330 గ్రాములు. బియ్యం ఒక్కటే 1,150 కేలరీల పైమాట. కూర్చుని పనిచేసే ఆడవాళ్లకు రోజు మొత్తానికి కావలసింది 1,660 అని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క (అదీ 55 కిలోల మనిషికి). అంటే మూడింట రెండు వంతులు అన్నంతోనే నిండిపోయింది. ఇక నూనె. ఆరు లీటర్లంటే ఐదున్నర కిలోలు, మనిషికి రోజుకు 36 గ్రాములు. 20 నుంచి 30 మధ్య ఉంటే చాలు. గ్రాము నూనెకు 9 కేలరీలు. పంచదార, బెల్లం కలిపి మనిషికి 40 గ్రాములు వస్తోంది, 25 లోపు ఉండాలి. టీలోనే ఎక్కువ పోతున్నట్టుంది, చూసుకోండి.

మీ ఎత్తుకు బరువు సూచిక, అదే బీఎంఐ, 31 దాటింది. మన దేశపు వాళ్లకు 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే ఊబకాయం అని లెక్క. విదేశీ పట్టికల్లో 30 అని ఉంటుంది, దాన్ని చూసి ధైర్యపడొద్దు, మనవాళ్లకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది. నడుము కూడా టేపుతో బొడ్డు దగ్గర కొలిచి రాయండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. పొట్ట చుట్టూ చేరే కొవ్వే కాలేయాన్ని, ఇన్సులిన్ పనిని పాడుచేస్తుంది.

ఇప్పుడు చేయవలసింది ఒక్కటే చెప్తాను. కంచంలో వాటాలు తిరగెయ్యండి. మన ఇళ్లలో కంచం నిండా అన్నం, మూల కాస్త కూర. ఇకపై సగం కంచం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు అన్నం, పావు వంతు పప్పు గానీ గుడ్డు గానీ చేప గానీ. ముందు కూర తినండి, అన్నం తర్వాత కలపండి. ఈ వరస మార్చినా తిన్నాక షుగర్ పెరిగే వేగం తగ్గుతుంది. కడుపు మాడ్చుకోవద్దు. పండ్లతో పదకొండు రోజులున్నారు చూడండి, అలాంటివి ఇక వద్దు.

---

పోపులపెట్టె (బొబ్బిలి) · జూన్ 10, రాత్రి 9:20

చెల్లీ, నూనె సంగతి నేను చెప్తాను. పోయిన ఏడాది మావారికి గుండె పరీక్షలయ్యాక మా ఇంట్లో ఏడు లీటర్ల నుంచి నాలుగుకి తెచ్చాను.

ముందు నూనె డబ్బా స్టవ్ పక్కనుంచి తీసేశాను. డబ్బా వంచి పోస్తే ఎంత పడిందో ఎవరికీ తెలియదు. ఉదయాన్నే ఆ రోజుకి సరిపడా నూనె చిన్న స్టీలు గిన్నెలో పోసి పెడతాను. మనిషికి ఐదు చెంచాల చొప్పున, టీ చెంచాతో. పోపు, కూర, దోసె, అన్నీ అందులోంచే. సాయంత్రానికి గిన్నె అయిపోతే రాత్రికి పచ్చిపులుసో, ఉడకబెట్టిన పప్పో. మొదటి వారం మధ్యాహ్నానికే గిన్నె ఖాళీ అయ్యేది. రెండో వారానికి చెయ్యి అలవాటు పడింది.

దొండకాయ, బీన్స్, క్యారెట్ లాంటివి ముందు ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ముప్పావు ఉడికించి, తర్వాత ఇనుప మూకుట్లో రెండు చెంచాల నూనెతో వేయిస్తే వేపుడు రుచే వస్తుంది. మన వైపు ఆవ పెట్టిన కూరలు ఉండనే ఉన్నాయి. అరటికాయ, పనసపొట్టు, కంద బచ్చలి. కూర ఉడికించుకుని చిన్న పోపు పెట్టి, దించాక ఆవముద్ద కలిపితే సరి. ఆ ఘాటుకి నూనె తక్కువైనట్టు ఎవరూ కనిపెట్టలేరు. మా అమ్మమ్మ వాళ్లు చేసిన వంటే ఇది. నూనె చవగ్గా దొరకడం మొదలయ్యాక మనమే వేపుళ్లకు మరిగాం.

పులుసుల్లో బెల్లం కూడా సగం చెయ్యి. ఒకేసారి మానేస్తే ఇంట్లో గొడవవుతుంది. వారానికి కొంచెం తగ్గిస్తూ వస్తే నాలుక సర్దుకుంటుంది.

---

చోడిపిండి (శృంగవరపుకోట) · జూన్ 11, ఉదయం 7:40

ఇంత లెక్కలు ఎందుకండీ? అన్నం పూర్తిగా మానేసి చోడి (రాగి) అంబలి, గంటి (సజ్జ) అన్నం, కొర్రలు తింటే షుగర్ దానంతటదే పోతుంది. మా తాత ఎనభై ఏళ్లు చోడి అంబలి తాగి గొడ్డులా పనిచేశాడు, మాత్ర అన్నది ఎరగడు.

---

కొలతగ్లాసు · జూన్ 11, మధ్యాహ్నం 2:10

చోళ్లు నాకూ ఇష్టమే, తినమనే చెప్తాను. నూరు గ్రాముల చోళ్లలో పీచు 11 గ్రాములు, తెల్లబియ్యంలో మూడు కూడా ఉండదు. కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. కానీ కేలరీలు మాత్రం బియ్యానికి కాస్త తక్కువ, అంతే. మెత్తటి పిండి చేసి పల్చగా జావ కాచి రెండు పెద్ద గ్లాసులు తాగితే అది త్వరగా అరిగిపోతుంది, షుగర్ కూడా త్వరగా పెరుగుతుంది. మా దగ్గరికి చాలామంది ఇడ్లీలు తిన్నాక పైన జావ కూడా తాగి "సిరిధాన్యాలు తింటున్నా తగ్గలేదు" అని వస్తారు. అన్నానికి బదులుగా తినాలి, అన్నంతో పాటు కాదు. చోడి రొట్టె, చోడి సంకటి ముద్దగా తినడం జావ కన్నా మేలు.

మీ తాతగారి ఆరోగ్యంలో అంబలిది సగం వాటా, పొలానిది సగం వాటా. ఆయన రోజంతా వంగి లేచి నడిచి పనిచేశారు. అదే అంబలి తాగి మనం ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుంటే ఆ ఫలితం రాదు. "షుగర్ పోతుంది" అన్న మాట నమ్మి ఎవరూ మాత్రలు ఆపొద్దు. ఆపి కళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

---

ఏడు రోడ్ల మాస్టారు (శ్రీకాకుళం) · జూన్ 11, సాయంత్రం 5:15

నేను ముప్పై రెండేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. పొలం మాట వచ్చింది కాబట్టి నా వంతు చెప్తాను.

అమ్మా, నడక మొదలెట్టేటప్పుడు అందరూ చేసే తప్పు, మొదటి రోజే గంట నడిచి మోకాళ్లు పట్టేయించుకుని మానేయడం. మీరు 78 కిలోలు. మోకాలి మీద అంతకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. అందుకని భోజనం అయిన పది పదిహేను నిమిషాలకు పది నిమిషాలు నడవండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. రోజుకు ముప్పై అయింది. అప్పుడే తిన్న అన్నంలోని చక్కెరను కాలి కండరాలు అక్కడికక్కడే వాడుకుంటాయి. వారానికి ఐదు రోజులు చేస్తే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది కనీసం అంతే. వేగం ఎంతంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ఉత్త నడక చాలదు. నలభై దాటాక కండ కరుగుతూ వస్తుంది. షుగర్‌ను మింగేది ఆ కండే. వారానికి రెండు రోజులు బలానికి పనిచెప్పండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు రెండడుగుల దూరంలో నిలబడి పదిసార్లు గోడను నెట్టండి. రెండు లీటరు సీసాల్లో నీళ్లు నింపి భుజాల పైకి పదిసార్లు ఎత్తండి. కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ మొదటినుంచి. పావుగంట పని.

ఆడపిల్లలకు బరువులెందుకు అనేవాళ్లు మా రోజుల్లో చాలామంది. మన ఆమదాలవలస పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది. ఆ ఏడాది నా స్కూల్లో ఆడపిల్లలు వచ్చి "మాస్టారూ, మేం కూడా ఎత్తుతాం" అని అడిగారు. ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి. వీరఘట్టం మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పుట్టిన నేల మనది. బలం మనకు కొత్త కాదు, మానేశాం అంతే.

---

వెలగాడ బరువులు (నెల్లిమర్ల మండలం) · జూన్ 11, రాత్రి 8:45

మాస్టారూ, దండాలు. మాది కొండవెలగాడ. మా ఊళ్లో ఇంటింటికీ ఒకరు బరువులు ఎత్తినవాళ్లు దొరుకుతారు. మత్స సంతోషి అక్క 2014లో గ్లాస్గో కామన్వెల్త్‌లో పతకం తెచ్చింది.

అక్కా, ప్రొటీన్ గురించి ఒక్క మాట. మా ఊళ్లో చాలామంది ఇంటి తిండితోనే ఎదిగారు. పొద్దున రెండు ఉడికిన గుడ్లు అంటే 12 గ్రాములు. గట్టి పప్పు ఒక కప్పు, పెరుగు ఒక కప్పు కలిపి 14 దాకా. ఉలవలు యాభై గ్రాములు నానబెట్టి గుగ్గిళ్లు చేసుకుంటే 11. అన్నంలో కూడా కొంత ఉంటుంది. మామూలు మనిషికి కిలో బరువుకు 0.8 గ్రాముల పైచిలుకు చాలు కదా, అది ఇంట్లోనే వచ్చేసింది. డబ్బా అక్కర్లేదు. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ప్రొటీన్ పౌడర్లు వద్దనే చెప్పారు.

---

వేదిక నిర్వాహకులు · జూన్ 12, ఉదయం 9:00

బరువు తగ్గించే పౌడర్లు, చుక్కల మందు అమ్మకానికి పెట్టిన మూడు పోస్టులు తీసేశాం. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు.

---

ఉద్దానం కొబ్బరి (కవిటి) · జూన్ 12, రాత్రి 9:35

మంచి పని చేశారు. నేను ఇంతవరకూ చదువుతూ ఉన్నాను గానీ ఇది చెప్పకుండా ఉండలేను.

మా వైపు ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా కిడ్నీ జబ్బు ఎలా ఉందో మీకందరికీ తెలుసు. ఎందుకొస్తుందో ఇప్పటికీ ఫలానా అని తేలలేదు. షుగర్, బీపీ లేనివాళ్లకీ వస్తోంది. మా పెదనాన్న జీడితోటలో పనిచేసేవాడు, డయాలసిస్ మీద నాలుగేళ్లు ఉన్నాడు. అందుకని మా వైపు వాళ్లు గానీ, మా వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు గానీ బరువు తగ్గే ప్రయత్నం మొదలెట్టే ముందు ఒకసారి కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండి.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఎక్కువ ప్రొటీన్ ప్రమాదం. ఆరోగ్యానికి మంచిదని అందరూ చెప్పే కొబ్బరినీళ్లు, అరటిపండ్లు కూడా వాళ్లకు ప్రమాదమే, పొటాషియం పెరిగి గుండె మీదికి వస్తుంది. "బీపీకి మంచిది" అని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో ఉండేది పొటాషియమే. ఇది తెలియక మా బంధువు ఒకాయన ఆరు వారాలు వాడి ఆసుపత్రిలో చేరాడు. నడిచి మోకాళ్లు నొప్పిపుడితే మందుల షాపులో నొప్పి మాత్రలు తెచ్చి మింగడం మా ఊళ్లలో మామూలు. ఆ మాత్రలే కిడ్నీలను తినేస్తాయి. నొప్పి వస్తే రెండు రోజులు ఆగండి, నడక తగ్గించుకోండి, డాక్టరుకి చూపించుకోండి.

---

కొలతగ్లాసు · జూన్ 12, రాత్రి 10:05

ఉద్దానం గారు చెప్పిన ప్రతి మాటా నిజం. అందరూ రెండుసార్లు చదవండి. ముప్పై దాటిన వాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లోనే ఉచితంగా చేస్తారు. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, ఒక టీ చెంచా దాటొద్దు. ఆవకాయ, అప్పడం, ఎండు నెత్తళ్లు కూడా ఆ చెంచా లెక్కలోకే వస్తాయి.

---

రాత్రి షిఫ్ట్ (పైడిభీమవరం వైపు) · జూన్ 14, ఉదయం 8:20

ఇప్పుడే డ్యూటీ దిగాను. వారం రాత్రి, వారం పగలు. నా వయసు 34, బరువు 91. స్కానింగ్‌లో కాలేయానికి కొవ్వు పట్టిందని వచ్చింది, మందు అలవాటు లేదు. రాత్రి రెండింటికి ఆకలేస్తే అందరం బిర్యానీ పార్సిల్ తెప్పించుకుంటాం. పొద్దున ఇంటికెళ్లి పూరీ తిని పడుకుంటాను. మాలాంటి వాళ్లకు ఏ లెక్క?

---

కొలతగ్లాసు · జూన్ 14, మధ్యాహ్నం 1:50

బాబూ, డ్యూటీకి వెళ్లేముందు ఏడింటికే అసలు భోజనం చేసేయండి. అర్ధరాత్రి దాటాక శరీరానికి చక్కెరను సర్దుకునే శక్తి తగ్గుతుంది. రెండింటికి మజ్జిగ, ఒక ఉడికిన గుడ్డు, గుప్పెడు వేయించిన శనగలు డబ్బాలో పట్టుకెళ్లండి. డబ్బా చేతిలో ఉంటే పార్సిల్ వైపు మనసు పోదు. పొద్దున పూరీ బదులు రెండు ఇడ్లీలు గానీ పెసరట్టు గానీ. కిటికీకి దళసరి దుప్పటి కట్టి గది చీకటి చేసుకుని ఏడు గంటలు పడుకోండి. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి పెరుగుతుంది, దాన్ని ఆపడం కష్టం. కాలేయం కొవ్వు బరువు తగ్గితే తగ్గుతుంది. ఇప్పటికి చెయ్యి దాటిపోలేదు.

---

అయ్యకోనేరు గట్టు · జూలై 2, రాత్రి 9:50

మూడు వారాలైంది. అందరికీ జవాబు చెప్పాలి.

నడుము 98 సెంటీమీటర్లు ఉంది మొదటి రోజు. నడక అయ్యకోనేరు గట్టు మీదే, రాత్రి భోజనమయ్యాక. మొదట నేనొక్కదాన్నే. తర్వాత మా చిన్నది వెంట రావడం మొదలెట్టింది. పొద్దున ఆఫీసు బస్సు ఒక స్టాపు ముందు దిగుతున్నాను. ఇంటికి వస్తూ గంటస్తంభం దగ్గర బజ్జీల పొట్లం కట్టించుకునే అలవాటు ఉండేది. ఇప్పుడు బ్యాగులో ఉలవ గుగ్గిళ్లు ఉంటున్నాయి. నూనె గిన్నె పద్ధతి మొదలెట్టాను, పోపులపెట్టె గారూ, దొండకాయ వేపుడుకి పిల్లలు ఏమీ అనలేదు.

కష్టమంతా వడ్డనలో వచ్చింది. మా ఇంట్లో వడ్డించేది అత్తయ్యగారు. నేను చాలంటున్నా హస్తం నిండా అన్నం కంచంలో పడేది. ఎవరైనా వద్దంటే ఆవిడకు మనసు కష్టం. ఒకరోజు "కూలి చేసొచ్చిన పిల్లకి తిండి పెట్టలేని దాన్నా నేను?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ చిన్నప్పుడు వరి అన్నం పండగకే చూశారట. అన్నం నిండుగా పెట్టడమే ఆవిడకు ప్రేమ. నాకు ఏం చెప్పాలో తోచలేదు. రిపోర్టు తీసి చూపించి, నాన్నగారి కాలు సంగతి మొత్తం చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు ఆవిడే కూర గరిటె ముందు తీశారు. కంచంలో సగం తోటకూర పెట్టి, పక్కన చిన్న ముద్ద అన్నం పెట్టి, "ఇంతేనా, ఇంకా తగ్గించాలా?" అని అడిగారు.

బరువు మాత్రం కిలోన్నరే తగ్గింది. గత పది రోజులుగా ముల్లు కదల్లేదు. పౌడర్ తాగినప్పుడు ఈపాటికి నాలుగు తగ్గాను. టెన్షన్‌గా ఉంది.

---

కొలతగ్లాసు · జూలై 3, ఉదయం 6:30

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. ఈ మూడు వారాల్లో జరిగిన పెద్ద మార్పు ఆ గరిటె.

ముల్లు గురించి దిగులు వద్దు. పౌడర్‌తో మొదట పోయింది చాలావరకు నీరు, కొంత కండ. అందుకే తిరిగొచ్చింది. వారానికి అరకిలో పోతే చాలు. ఒక్కో వారం ఏమీ పోదు కూడా. అమెరికాలో మూడు వేలకు పైగా మనుషులను మీలాగే గుమ్మంలో ఉన్నప్పుడు తీసుకుని 2002లో ఫలితాలు ప్రచురించారు. బరువు ఏడు శాతం తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతమే. మీకు ఏడు శాతమంటే ఐదున్నర కిలోలు. మన చెన్నైలో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. అక్కడ మనుషులు బరువు పెద్దగా తగ్గనే లేదు, అయినా తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 28 శాతం పైగా తగ్గింది. ముల్లు కదలకపోయినా లోపల పని జరుగుతూనే ఉంటుంది. టేపు పెట్టి నడుము చూడండి.

---

అయ్యకోనేరు గట్టు · జూలై 3, ఉదయం 6:48

ఇప్పుడే చూశాను. 95.

---

ఏడు రోడ్ల మాస్టారు · జూలై 3, ఉదయం 7:15

మూడు సెంటీమీటర్లు! శభాష్ అమ్మా. కుర్చీ ఇప్పుడు పదిహేనుసార్లు చెయ్యండి.

---

చోడిపిండి · జూలై 5, రాత్రి 8:30

కొలతగ్లాసు గారూ, మీరు చెప్పాక మా ఇంట్లో కూడా చూశాం. మా నాన్న పొద్దున మూడు దోసెలు తిని పైన పెద్ద చెంబుతో చోడి జావ తాగుతున్నాడు. ఇప్పుడు దోసెలు మాన్పించి రెండు చోడి రొట్టెలు, పచ్చడి పెడుతున్నాం. తిన్నాక రెండు గంటలకు చూస్తే 236 ఉండేది, ఇప్పుడు 180 దగ్గరికి వచ్చింది. మాత్ర వేసుకుంటూనే ఉన్నాడు. నేను ముందు రాసిన మాట సరికాదు.

---

అయ్యకోనేరు గట్టు · సెప్టెంబర్ 12, రాత్రి 9:10

మూడు నెలల పరీక్ష అయింది. హెచ్‌బీఏ1సీ 5.8. పరగడుపున 101. బరువు 73.4. నడుము 91.

డాక్టరుగారు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసి, ఈసారి ఆయనే "ఏం చేశారు?" అని అడిగారు. అన్నం, కూర వాటాలు తిరగేశానని చెప్పాను. ఇంకా గీత కిందికి రాలేదని, 5.7 కన్నా తక్కువ రావాలని, ఇలాగే ఉంటే మాత్ర అక్కర్లేదని అన్నారు. నాతో పాటు మావారికి కూడా పరీక్ష చేయించాను. బీపీ 150/96 ఉంది, ఆయనకు తెలియనే తెలియదు. ఆయనకు మాత్ర మొదలెట్టారు. ఇప్పుడు గట్టు మీద ముగ్గురం.

ఒక సందేహం. ముందుంది పండగల రోజులు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇంటి నిండా చుట్టాలు. తర్వాత కార్తీక సోమవారాలు, పగలంతా ఉపవాసం, రాత్రి పిండివంటలు. అత్తయ్యగారు కూడా ఉపవాసం ఉంటారు, ఆవిడకు షుగర్ మాత్రలున్నాయి. ఏం చెయ్యాలి?

---

కొలతగ్లాసు · సెప్టెంబర్ 13, మధ్యాహ్నం 1:40

సిరిమాను రోజు చుట్టాలతో కలిసి తినండి, బాధపడకండి. ఆ ఒక్క పూట లెక్కలోకి రాదు. మిగిలిన బూరెలు, పులిహోర మర్నాటి నుంచి వారం రోజులు ఇంట్లో ఉంటాయి చూడండి, అది లెక్కలోకి వస్తుంది. చుట్టాలకు కట్టి ఇచ్చేయండి.

అత్తయ్యగారి మాత్రల పేరు ముందు చూడండి. గ్లిమిపిరైడ్ లాంటివి ఉంటే ఆ మాత్ర వేసుకుని తినకుండా ఉండకూడదు. షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, మాట తడబడటం, స్పృహ కూడా తప్పవచ్చు. ఉపవాసం విషయం ముందే డాక్టరుగారికి చెప్పి మోతాదు, వేళ మార్పించుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకూ ఇదే మాట. సాయంత్రం దీపం పెట్టాక ఒకేసారి కడుపు నిండా తినకుండా ముందు మజ్జిగ, ఒక పండు, కాసేపాగి భోజనం.

---

పోపులపెట్టె · సెప్టెంబర్ 13, రాత్రి 8:55

చెల్లీ, చదివి ఎంత సంతోషం వేసిందో. పండక్కి బూరెలు నువ్వు మానకు, రెండు తిను. పూర్ణంలో బెల్లం కొంచెం తగ్గించి పచ్చికొబ్బరి కోరు కలుపు, చుట్టాలకు తెలియదు.

---

రాత్రి షిఫ్ట్ · సెప్టెంబర్ 15, ఉదయం 8:40

నాది 91 నుంచి 87కి వచ్చింది. డబ్బాలో గుడ్లు, శనగలు తీసుకెళ్తున్నా. మా లైన్‌లో ఇంకో ఇద్దరు మొదలెట్టారు. అక్కా, మీ ఇంట్లో బియ్యం ఇప్పుడు ఎంత పోస్తున్నారు? మా ఆవిడ అడుగుతోంది. మాదీ ఐదుగురి ఇల్లే.

---

అయ్యకోనేరు గట్టు · సెప్టెంబర్ 15, రాత్రి 9:30

తమ్ముడూ, పోయిన నెల రెండో బస్తాలో పదహారు కిలోలు మిగిలాయి. అంటే నెలకు 34. పిల్లలు ఎదిగేవాళ్లు, వాళ్లకు తగ్గించలేదు, మేం ముగ్గురం తగ్గించాం. మధ్యాహ్నానికి మా టీ గ్లాసుతో నాలుగు గ్లాసులు, రాత్రికి మూడు. రాత్రి నాకు, మావారికి వారంలో మూడు రోజులు చోడి రొట్టె, అప్పుడు రెండే గ్లాసులు. ఆ మిగిలిన డబ్బు కూరగాయలకు పోతోంది, అందులో దాపరికం లేదు. రోజుకు రెండు కిలోల దాకా కూరలు, రెండు కట్టల ఆకుకూర పడుతున్నాయి. మీ ఆవిడకి చెప్పండి, మొదటి వారం గ్లాసు ఒక్కటే తగ్గించమనండి. కూర మాత్రం మొదటి రోజే రెట్టింపు చెయ్యమనండి. లేకపోతే ఆకలికి మళ్లీ అన్నం గిన్నె దగ్గరికే వెళ్తారు.